పేట గాలికి ఆరు పెట్టెలు: ప్రాజెక్టు డైరీ

నవంబరు, మొదటి వారం

దీపావళి టపాకాయల పొగ గాలిలోంచి పూర్తిగా పోయేదాకా ఆగి, మా పేట గాలిని ఆరు పెట్టెలతో కొలిచే పనిని ఈ వారం మొదలుపెట్టాము. పండుగ పొగతో లెక్క మొదలైతే మిగిలిన రోజులన్నీ దాని పక్కన శుభ్రంగా కనిపిస్తాయనీ, మనకు కావలసింది పండుగనాటి గాలి కాదు, ఏ విశేషమూ లేని మామూలు మంగళవారంనాటి గాలి అనీ మా బృందంలోని సైన్సు మాస్టారు పట్టుబట్టారు. ఆయన మాటే సరైనదని అందరమూ ఒప్పుకున్నాము.

మా పేట విశాఖపట్నంలో రేవుకూ జాతీయ రహదారికీ నడుమ ఉంది. ఒక అంచున గూడ్సు బండ్లు తిరిగే పట్టాలు, మరో అంచున సరుకు లారీలు బారులు తీరే రోడ్డు, మధ్యలో ఇరుకు వీధులు, ఒక అంగన్‌వాడీ, ఒక ప్రాథమిక పాఠశాల, ఒక రామాలయం ఉన్నాయి. ఇక్కడి గాలి గురించి చెప్పాలంటే ముందుగా నేల తీరు చెప్పాలి. దక్షిణాన యారాడ కొండ, ఉత్తరాన సింహాచలం కొండల వరుస, వాటి మధ్య పళ్లెంలాంటి పల్లపు నేల. ఆ పళ్లెంలోనే 1933లో రేవు తెరుచుకుంది, 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది, ఆ తరువాత ఎరువుల కర్మాగారం, జింకు కర్మాగారం వచ్చాయి, వాటి చుట్టూ మనుషులు ఇళ్లు కట్టుకున్నారు. పగలు సముద్రపు గాలి వీచి ఈ పళ్లేన్ని కొంత కడుగుతుంది. చలికాలపు రాత్రులలో మాత్రం నేల చల్లబడి, చల్లని బరువైన గాలి అడుగున నిలిచిపోయి, దానిమీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. అప్పుడు కింద వదిలిన పొగ కిందే ఉంటుంది.

నగరంలో గంట గంటకూ అంకె చెప్పే ప్రభుత్వ పర్యవేక్షణ కేంద్రం ఉంది. చేతితో వడపోత కాగితం మార్చి నమూనా తీసే కేంద్రాలు కూడా ఉన్నాయి, అయితే జాతీయ పథకం ప్రకారం అవి వారానికి రెండు రోజులే, అంటే ఏడాదికి 104 రోజులే నమూనా తీస్తాయి. అవన్నీ అవసరమైనవే, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ నగరానికి ఒక అంకె ఉన్నంత మాత్రాన మా మూడో వీధిలో ఉదయం ఆరింటికి పాలపాకెట్టు తేవడానికి బయలుదేరిన పిల్ల ఏ గాలి పీలుస్తున్నదో తెలియదు. గాలిలో ఎంత విషం ఉందన్నది ఒక ప్రశ్న, అందులో ఎంత మన ఊపిరితిత్తులలోకి వెళ్తున్నదన్నది వేరే ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు మా పేట వరకైనా జవాబు రాబట్టాలన్నదే ఈ పని.

నవంబరు, మూడో వారం

ఆరు పెట్టెలు తయారయ్యాయి. ఒక్కొక్కదానిలో సూక్ష్మధూళిని లేజరు కాంతితో లెక్కించే పీఎంఎస్5003 సెన్సరు, తేమనూ ఉష్ణోగ్రతనూ కొలిచే బీఎంఈ280, వీటిని చదివే ఈఎస్‌పీ32 బోర్డు, ఒక మెమరీ కార్డు ఉన్నాయి. సెన్సరులో ఒక చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది, ఆ గాలిలోని రేణువులు లేజరు కిరణానికి అడ్డుపడి కాంతిని చెదరగొడతాయి, ఆ చెదిరిన కాంతిని బట్టి రేణువులు ఎన్నో, ఏ పరిమాణంలో ఉన్నాయో అది అంచనా వేస్తుంది. ఇది అంచనాయే తప్ప తూకం కాదన్న సంగతి ప్రతి సమావేశంలోనూ గుర్తుచేస్తున్నాను.

పెట్టెకు మొదట ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలు వాడుదామనుకున్నాము గానీ, ఎండకు లోపల వేడెక్కి తేమ అంకె తప్పు వచ్చింది. చివరికి నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కకు కింద వంపు బెండు తగిలించి, నోరు నేలవైపు చూసేటట్లు పెట్టి, నోటికి దోమతెర కట్టాము. కరెంటు పోయి వచ్చినప్పుడు బోర్డు గడియారం మొదటికి వచ్చేస్తున్నది కాబట్టి, బటన్ బ్యాటరీతో నడిచే డీఎస్3231 గడియారం ప్రతి పెట్టెలోనూ అదనంగా చేర్చాము. ఏ గంటలో ఏం జరిగిందన్నదే మా లెక్కకు ప్రాణం, గంట తప్పితే మిగతాదంతా వృథా.

ఆరింటినీ మా డాబా మీద ఒకే దండేనికి పక్కపక్కనే వేలాడదీసి పది రోజులు నడిపాము. ఒకే గాలి పీల్చే ఆరు పెట్టెలు ఒకే అంకె చెప్పాలి. ఐదు చెప్పాయి. ఆరోది మొదటి నాలుగు రోజులు మిగిలినవాటితో కలిసి నడిచి, ఐదో రోజు నుంచి మెల్లగా తక్కువ చూపసాగింది. విప్పి చూస్తే సెన్సరు నోటి దగ్గర గింజంత సాలెపురుగు, దానికి నాలుగు రెట్ల గూడు ఉన్నాయి. ఆ గూటి పోగులకు సన్నని నల్లటి పొడి పట్టి, కాటుక పెట్టిన వెంట్రుకల్లా కనిపించాయి. గూడు తీసి, దోమతెర స్థానంలో ఇంకా సన్నని స్టీలు జల్లెడ బిగించాము. ఆ పోగులను మాత్రం పారేయకుండా ఒక గాజు పలక మీద అతికించి దాచాను, సూక్ష్మదర్శినిలో చూడాలి.

డిసెంబరు, మొదటి వారం

పెట్టెలు తమ తమ చోట్లకు చేరాయి. ఒకటి లారీల రోడ్డు పక్కనున్న కిరాణా కొట్టు మీద, ఒకటి పట్టాల వైపు చివరి ఇంటి మీద, ఒకటి పేట నడుమ రామాలయం వసారాలో, ఒకటి పాఠశాలలో, ఒకటి అంగన్‌వాడీ గోడకు ఉన్నాయి. ఆరోదాన్ని పోల్చి చూడటానికి రోడ్లకు దూరంగా కొండవాలు మీదున్న ఒక మిత్రుడి ఇంట్లో పెట్టాము. ప్రతి ఇంటివారికీ నెలకు ఎంత కరెంటు ఖర్చవుతుందో ముందే చెప్పాము, అది ఫోను ఛార్జరు కన్నా ఎక్కువ కాదు.

పెట్టెలతో పాటు ఒక నోటు పుస్తకం కూడా పెట్టాము. నేను ఊహించిన దానికన్నా అదే ఎక్కువ పనికి వచ్చేటట్లుంది. మా సెన్సరు ధూళిని తప్ప దేన్నీ చూడలేదు. గంధకపు వాయువులు, అమ్మోనియా, బెంజీను వంటివి దాని ముందు నుంచి వెళ్లినా దానికి తెలియదు. మనిషి ముక్కుకు వాటిలో కొన్ని తెలుస్తాయి. అందుకని కిరాణా కొట్టులో పుస్తకం ఉంచి, వాసన వచ్చిన వేళ, ఎలాంటి వాసన, రామాలయం ధ్వజస్తంభం మీది జెండా ఎటు ఎగురుతున్నదీ రాయమని అడిగాము. కుళ్లిన గుడ్డు వాసన, ఎరువుల ఘాటు, పెయింటు వాసన, కాలిన రబ్బరు అని నాలుగు గడులు గీశాము. 2020 మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురంలోని ప్లాస్టిక్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు పోయిన నాటి నుంచి ఈ నగరంలో తెలియని వాసన వస్తే జనం ఇంట్లో కూర్చోలేరు, రోడ్డు మీదికి వచ్చేస్తారు. ఆ భయాన్ని ఎవరూ తీసిపారేయకూడదు. ఆ భయానికి వేళనూ దిక్కునూ జతచేస్తే అదే సాక్ష్యమవుతుంది.

డిసెంబరు, మూడో వారం

ఈ వారం నేనొక పెద్ద పొరపాటు చేశాను, దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాయాలి. సోమవారం తెల్లవారుజామున ఐదు పెట్టెలూ ఒక్కసారిగా మూడింతలు చూపించాయి. నేను తొందరపడి మా బృందం వాట్సాప్‌లో కిటికీలు మూసుకోమని రాశాను, అది గంటలో పేటంతా పాకింది, ఒకరిద్దరు పిల్లలను బడికి పంపలేదు. మధ్యాహ్నం ఆరో పెట్టె కార్డు తెచ్చి చూస్తే, కొండవాలు మీద, ఏ రోడ్డూ లేని చోట కూడా అదే వేళకు అదే ఎత్తున గీత లేచింది. లారీ పొగ అక్కడికి ఒకే నిమిషంలో చేరదు. ఆనాటి తేమ చూస్తే 90 శాతం దాటి ఉంది. జరిగింది ఏమిటంటే మంచు పట్టింది. గాలిలో తేమ బాగా పెరిగినప్పుడు సముద్రపు ఉప్పు రేణువులు, పొగ రేణువులు నీటిని పీల్చి ఉబ్బుతాయి, ఉబ్బిన రేణువు కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది, సెన్సరు దాన్ని ధూళిగానే లెక్క వేస్తుంది. ప్రభుత్వ కేంద్రాలలోని యంత్రాలు గాలిని వేడిచేసి ఆరబెట్టి కొలుస్తాయి కాబట్టి వాటికి ఈ బాధ తక్కువ.

మరునాడు ఇల్లిల్లూ తిరిగి జరిగింది చెప్పాను. ఒక తల్లి, ‘మాస్టారూ, మీ పెట్టె మంచును చూసి బెదిరిపోతే రేపు నిజంగా గ్యాసు వస్తే మేము నమ్మాలా వద్దా?’ అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. ఆ రోజు నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాము. తేమ 85 శాతం దాటిన గంటలను వేరే రంగులో గుర్తించి సగటులోకి రానివ్వకూడదు. కొండవాలు పెట్టెతో పోల్చకుండా ఏ అంకెనూ బయటికి చెప్పకూడదు. మొదటి నియమంతో తెల్లవారుజాము గంటలు చాలా పోతున్నాయి, అవే మాకు ముఖ్యమైన గంటలు కూడాను. అయినా తప్పు అంకె కన్నా లేని అంకె మేలు.

డిసెంబరు, చివరి వారం

పేటవాళ్ల మొదటి ఫిర్యాదు నల్ల దుమ్ము గురించే. పట్టాల వైపు ఇంట్లోని మామ్మగారు ఉదయం తుడిచిన అరుగు మీద సాయంత్రం వేలు పెట్టి గీసి, ఆ వేలు నా కళ్ల ముందు పెట్టింది. ‘బట్టలు ఆరేసి తెచ్చుకుంటే మళ్లీ ఉతుక్కోవాలి బాబూ, కూడు మీద మూత తీస్తే నల్లటి పొడే’ అంది. ఆమె ఇంటి మీది పెట్టె మాత్రం మిగతా వాటికన్నా పెద్దగా ఎక్కువేమీ చూపించడం లేదు. ఆమె అబద్ధం చెప్పడం లేదు, పెట్టె కూడా తప్పు చెప్పడం లేదు. బొగ్గు దుమ్ములో ఎక్కువ భాగం ముతక రేణువులు. మా సెన్సరు సన్నని రేణువులను చూసేందుకు తయారైనది, ముతకవి దాని సన్నని దారిలోకి సరిగ్గా చేరనే చేరవు. పీఎం10 (పది మైక్రాన్ల లోపు ధూళి, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అని అది చూపే అంకె కూడా చాలావరకు సన్నవాటి నుంచి వేసిన ఊహే. అంటే మామ్మగారి వేలికి తెలిసినది మా పరికరానికి తెలియలేదు.

కాబట్టి దుమ్ము కోసం వేరే పద్ధతి ఎత్తుకున్నాము. వెడల్పు మూతి గాజు జాడీలలో స్వేదనజలం పోసి, పక్షులు వాలకుండా పైన తీగ కట్టి, ఐదు డాబాల మీద నెల రోజులు ఉంచుతున్నాము. దుమ్మును పడే తీరులోనే పట్టే పాత పద్ధతి ఇది. వాటితో పాటు ఇల్లు కట్టగా మిగిలిన తెల్లటి టైల్సును వారానికొకసారి తుడిచి చూసేందుకు పెట్టాము. టైలు మీద పేరుకున్నదాన్ని తడిసిన వడపోత కాగితంతో తుడిచి, ఆరబెట్టి, పేటలోని ఆచారిగారి కొట్టులో మిల్లీగ్రాము దాకా తూచే బంగారపు త్రాసులో తూచాము. కాగితం కూడా తేమ పీలుస్తుంది కాబట్టి తుడవక ముందు, తుడిచాక ఒకే విధంగా ఆరబెట్టి తూచాలని ఆయనే చెప్పారు. ముప్పై ఏళ్లు త్రాసు ముందు కూర్చున్న మనిషికి ఇది వేరే ఎవరూ నేర్పనక్కర లేదు.

పొడి ఏమిటన్నది తరువాతి ప్రశ్న. అయస్కాంతం పెట్టి, అంటుకుంటే ఇనుప ఖనిజం, అంటుకోకపోతే బొగ్గు అని తేల్చేద్దామని ఒక కుర్రవాడు ఉత్సాహపడ్డాడు. అది కుదరదని చెప్పవలసి వచ్చింది. బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస - కిరండూల్ లైను మీద విశాఖకు వచ్చే ఇనుప ఖనిజం హెమటైటు అనే రకం, మామూలు అయస్కాంతానికి అది దాదాపుగా అంటదు. అంటుకునే పొడి లారీ బ్రేకుల అరుగుదలలోంచీ వెల్డింగు షాపులలోంచీ కూడా వస్తుంది. ఆచారిగారు మరో దారి చూపారు. పొడిని కొద్దిగా మూసలో వేసి కుంపటిలో ఎర్రగా కాల్చారు. నల్లనిది చాలావరకు కాలిపోయి, అడుగున ఇటుకరంగు, బూడిదరంగు కలిసిన కొంచెం మిగిలింది. కాలిపోయిన భాగం చాలావరకు కర్బనం, మిగిలినది మట్టీ ఖనిజమూ బొగ్గు బూడిదా. పట్టాల వైపు టైలు మీది పొడిలో కాలిపోయే భాగం ఎక్కువ, లారీల రోడ్డు వైపు టైలు మీది పొడిలో మిగిలే భాగం ఎక్కువ. పాఠశాల సూక్ష్మదర్శినిలో చూస్తే బొగ్గు రేణువులు పగిలిన గాజులా అంచులు తేలి మెరిశాయి, రోడ్డు మట్టి గుండ్రంగా మందంగా ఉంది. నవంబరులో దాచిన సాలెగూటి పోగుల మీద మాత్రం రేణువులే విడివిడిగా కనిపించలేదు, దూదిలాంటి నలుపు పట్టి ఉంది. అది డీజిలు మసి అని నా అనుమానం, రుజువు చేసే సాధనం నా దగ్గర లేదు. పడిన దుమ్ము బొగ్గుదని చెప్పగలను గానీ, ఏ గుట్ట నుంచి, ఎవరి బండి నుంచి లేచిందో ఈ పరీక్ష చెప్పదు. అంతవరకే రాసి ఆపుతున్నాను.

జనవరి, భోగి తరువాత

భోగి తెల్లవారుజామున పెట్టెలన్నీ ఆకాశానికి ఎగిశాయి. ఎక్కువ మంటల్లో కర్రలే ఉన్నా, మా వీధి చివర మంటలో ఒక పాత టైరు పడింది, ఆ వీధి పెట్టె మిగిలినవాటికన్నా ఎక్కువసేపు పైనే నిలిచింది. ఆ గంటలను లెక్కలోంచి తీసేశాము. వచ్చే భోగికి టైరు వద్దని ఆ వీధి కుర్రాళ్లే మాట ఇచ్చారు.

జనవరి, చివరి వారం

ఏడు వారాల లెక్క చేతికి వచ్చింది. గంటల వారీగా పరిచి చూస్తే రోజుకు రెండు గుట్టలు కనబడుతున్నాయి. రాత్రి తొమ్మిది తరువాత ఒకటి, ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా మరొకటి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే గీత పడిపోతుంది. ఉదయపు గుట్ట లారీల రోడ్డు పక్క పెట్టెలోనూ అంగన్‌వాడీ పెట్టెలోనూ అందరికన్నా ఎత్తుగా ఉంది. ఆ వేళకు రేవు లోపలికి అనుమతి కోసం లారీలు ఇంజన్లు ఆపకుండా బారులు తీరి నిలబడతాయి. రాత్రి గుట్టలో చెత్త కాల్చిన పొగ కూడా కలిసి ఉంది, పుస్తకంలో కాలిన ప్లాస్టిక్ వాసన అని రాసిన వేళలు దానితో సరిపోతున్నాయి. పుస్తకంలో ఆ గడి లేదు, రాసినవారే కొత్త గడి గీసుకున్నారు.

ఈ లెక్క చూపించినప్పుడు ఒకరు, రోజు సగటు తీస్తే పరిమితి లోపలే ఉంది కదా అన్నారు. ఇది తరచూ వినిపించే మాట కాబట్టి ఒక ఊహాలెక్క రాస్తున్నాను. పీఎం2.5కు, అంటే రెండున్నర మైక్రాన్ల లోపు సన్నని ధూళికి, మన దేశపు 24 గంటల పరిమితి ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15. ఒక చోట ఒక గంటపాటు 200 ఉండి, మిగిలిన 23 గంటలూ 30 ఉందనుకుందాం. రోజు సగటు సుమారు 37 వస్తుంది, మన వాయు నాణ్యతా సూచీలో అది ‘సంతృప్తికరం’ గడిలో పడుతుంది. ఆ ఒక్క గంట అంగన్‌వాడీకి పిల్లలను దింపే గంట అయితే, ఆ పిల్లలకు దక్కినది 37 కాదు, 200. మిగతా గంటల మంచి గాలి ఎవరూ లేని వాకిట్లో వీచింది. సగటు అబద్ధం కాదు, కానీ అది వాకిలి లెక్క, పిల్ల లెక్క కాదు.

ఎత్తు సంగతి కూడా ఇక్కడే తట్టింది. పర్యవేక్షణ కేంద్రాలలో గాలి లాగే నోరు నేలకు మూడు నుంచి పది మీటర్ల ఎత్తున ఉండాలన్నది నియమం. మూడేళ్ల పిల్ల ముక్కు మీటరు కన్నా కిందే ఉంటుంది, చాలా లారీల పొగగొట్టం కూడా ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటుంది. అంగన్‌వాడీ గోడకున్న పెట్టెను టీచరమ్మ సాయంతో కిందికి దింపి, పిల్లలు చెప్పులు విడిచే మెట్టు పక్కన, వాళ్ల ముక్కు ఎత్తున బిగించాము. గోడ మీద పాత చోట రామాలయం పెట్టెను తెచ్చి పెట్టి, రెండింటినీ పక్షం రోజులు పోల్చాము. సాయంత్రాలలో తేడా లేదు. ఉదయం లారీలు నిలిచే వేళలో కిందిది స్పష్టంగా ఎక్కువ.

ఫిబ్రవరి, రెండో వారం

గోడకు కట్టిన పెట్టె మనిషి వెంట నడవదు. అందుకని రెండు పెట్టెలకు పవర్‌బ్యాంకు తగిలించి, చేతిసంచిలో పట్టేటట్లు చేసి, ఒప్పుకున్నవారికి మూడేసి రోజులు ఇచ్చాము. తెల్లవారుజామున నాలుగింటికి చేపల రేవుకు వెళ్లే ఒక తల్లి, ఆటో నడిపే ఒక తమ్ముడు, బస్సులో కాలేజీకి వెళ్లే ఒక అమ్మాయి, ఇల్లు దాటని మామ్మగారు వీటిని మోశారు. ఎక్కడికి వెళ్లారో పేరుపేరునా ఎవరికీ చూపించబోమని, కార్డు వాళ్ల ముందే చెరిపేస్తామని ముందుగా మాట ఇచ్చాము.

అందరికన్నా ఎక్కువ ధూళి పీల్చినది ఆటో తమ్ముడు, ఇందులో ఆశ్చర్యం లేదు. కూడలిలో లారీ వెనక సిగ్నలు కోసం ఆగిన ప్రతిసారీ గీత ముల్లులా లేచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో డీజిలు పొగను మనుషులకు క్యాన్సరు కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త వాహనాలకు పొగ పరిమితుల బీఎస్6 ప్రమాణం వచ్చి, డీజిలులో గంధకం పది లక్షలకు 50 వంతుల నుంచి 10 వంతులకు దిగింది. ఇంధనం అందరికీ మారినా, ఈ రోడ్డు మీద తిరిగే పాత లారీల ఇంజన్లు పాతవే. ఆటో తమ్ముడికి రోజుకు పన్నెండు గంటలు వాటి వెనకే బతుకు.

నన్ను ఆపి ఆలోచింపజేసినది చేపల తల్లి లెక్క. రేవు దగ్గర, సముద్రపు ఒడ్డు గాలిలో ఆమె గీత అడుగుకు అంటుకుని ఉంది. తిరుగు దారిలో ఉదయం ఏడింటికి తట్టతో నడిచి వచ్చే ఇరవై నిమిషాల దారిలో గీత లేచింది, ఆ దారి లారీల బారు పక్కనే. రెండు వీధుల వెనక నుంచి మరో దారి ఉంది, ఐదు నిమిషాలు ఎక్కువ. ఆ సంగతి చెబితే ఆమె, ‘ఐదు నిమిషాలకి ఎండ మీదకొచ్చేస్తే చేప మెత్తబడిపోద్ది బాబూ’ అంది. ఆమె దారి మార్చుకోవలసిన అవసరం ఉండకూడదని నాకు ఆ క్షణంలో గట్టిగా అనిపించింది. మారవలసింది లారీల బారు.

ఫిబ్రవరి, చివరి వారం

లెక్కలన్నీ ఎనిమిది పేజీల కాగితంగా రాసి సంబంధిత కార్యాలయానికి ఇచ్చాము. గుర్తింపు లేని పరికరాల అంకెలను లెక్కలోకి తీసుకోలేమని నోటిమాటగా చెప్పి, రసీదు ఇవ్వడానికి కూడా తటపటాయించారు. పరికరం మీద వారి సందేహం న్యాయమైనదే, నేనే మూడు నెలలుగా అదే సందేహంతో పని చేస్తున్నాను. కానీ మేము అడిగినది మా అంకెను నమ్మమని కాదు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య, అంగన్‌వాడీ మెట్టు దగ్గర, మీ యంత్రంతో మీరే ఒక వారం కొలవండి అని మాత్రమే అడిగాము. ఎక్కడ, ఎప్పుడు కొలవాలో చెప్పడానికి మా పెట్టెలు చాలు. ఆ అభ్యర్థనను వేరే కాగితం మీద రాసి, ఈసారి రిజిస్టరు తపాలాలో పంపాము.

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైనప్పుడే ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖపట్నం ఉంది. ఆ తరువాత పీఎం10ను 2025-26 నాటికి 40 శాతం దాకా తగ్గించాలన్న లక్ష్యం పెట్టారు. ఆ లెక్కలో ఎక్కువగా కదిలేది రోడ్డు మట్టి, ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే బండ్లు. అవి కావలసినవే. కానీ పీఎం2.5 రేణువు వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు మాత్రమే, నీళ్లు చల్లితే అది నేలకు దిగదు. దాన్ని పుట్టే చోటనే ఆపాలి.

మార్చి, రెండో వారం

కార్యాలయపు జవాబు కోసం చేతులు కట్టుకుని కూర్చోలేదు. లారీ డ్రైవర్ల దగ్గరకు టీచరమ్మ, ఆచారిగారు, నేను వెళ్లి, టీ కొట్టు బల్ల మీద ఉదయపు గీతల కాగితం పరిచాము. వాళ్లను నిందించలేదు, నిందించడానికి కారణం లేదు. ఆ పొగలో అందరికన్నా ఎక్కువసేపు కూర్చునేది వాళ్లే. ఇంజను ఎందుకు ఆపరని అడిగితే ఒక పెద్దాయన, బారు ఎప్పుడు కదులుతుందో తెలియదనీ, కదిలినప్పుడు వెంటనే కదలకపోతే వెనకవాడు ముందుకు దూరతాడనీ, పాత బ్యాటరీతో పదిసార్లు స్టార్టు చేస్తే పదకొండోసారి బండి లేవదనీ చెప్పారు. మూడు నెలల లెక్కలో మాకు దొరకని కారణం ఐదు నిమిషాల మాటలో దొరికింది. టోకెను ఇచ్చి వంతు చెబితే ఇంజను ఆపడానికి తమకు అభ్యంతరం లేదన్నారు, డీజిలు మిగిలేది కూడా తమకే.

టోకెను మా చేతిలో లేదు. ఉన్నది చేశాము. అంగన్‌వాడీ గుమ్మానికి అటూ ఇటూ యాభై అడుగుల మేర ఉదయం వేళ లారీ నిలపకుండా డ్రైవర్లే సున్నంతో గీత గీసుకున్నారు. టీచరమ్మ పిల్లలు దిగే గుమ్మాన్ని రోడ్డు వైపు నుంచి వెనక వీధి వైపుకు మార్చి, ఆటపాటలను పది గంటల తరువాతికి జరిపారు. పది రోజుల గీతలు చూస్తే మెట్టు పక్క పెట్టె ఉదయపు గుట్ట తగ్గింది, పోలేదు. అయితే మార్చిలో ఎండ పెరిగి మూతలాంటి గాలి ముందే విడిపోతున్నది కాబట్టి, తగ్గుదలలో ఎంత సున్నపు గీతదో ఎంత ఎండదో ఇప్పుడు విడదీయలేను. కొండవాలు పెట్టె కూడా కొంత తగ్గింది. రెండింటి మధ్య తేడా కూడా తగ్గిందన్నదొక్కటే మాకు దొరికిన ఆధారం.

పరికరాల స్థితి: సముద్రపు గాలికి రెండు పెట్టెలలో రాగి పిన్నులు పచ్చబడ్డాయి, గీకి టంకం వేసి గ్రీజు పూశాను. కిరాణా కొట్టు పెట్టెలోని ఫ్యాను గరగరలాడుతున్నది, సెన్సరు మార్చాలి. మళ్లీ ఆరింటినీ ఒక వారం మా డాబా మీద పక్కపక్కన నడిపి, ఈ నాలుగు నెలల్లో ఏది ఎంత దారి తప్పిందో చూడాలి. గాలి నైరుతికి తిరిగే నెలలు వస్తున్నాయి కాబట్టి జాడీలలో రెండింటిని ఈశాన్యపు వీధులకు మార్చాము. వాసన పుస్తకం నిండిపోయింది, కొట్టులో రెండో పుస్తకం పెట్టాము. అందులో మొదటి పేజీలో ఐదు గడులు గీసి ఉన్నాయి.